ఊరుమ్మడి బొమ్మ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ సభలో బొమ్మలను గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. పుస్తకము చదువ నేర్చినవానికి మాత్రమే పలుకును. బొమ్మ చదువు రానివానికిని పలుకును. ఒకరి చేతనున్న పుస్తకమును ఇంకొకరు అదే వేళ చదువజాలరు. నాలుగు బాటలు కలియు తావున నిలిచిన బొమ్మను ఊరంతయు ఒక్కమారే చూడగలదు. నల్లగొండ, పాలమూరు సీమలలో చదువు అందరకు అందని శతాబ్దములలో పురాణమును, వంశ చరిత్రను, నీతిని ఊరూర మోసికొనిపోయినది బొమ్మయే. కావున గ్రంథాలయమునకు బొమ్మ పరాయిది కాదు. ముందు పుట్టిన అక్కవంటిది.

నేడు విచారింపవలసిన ప్రశ్న ఇది: పదిమంది చూచుచోట నిలుపు శిల్పముగాని, చిత్రముగాని, ఊరేగింపున కదలు వస్తువుగాని, ఊరిలోని వర్తకులను, వృత్తులవారిని, తక్కిన నివాసులను ఒక్కచోటికి ఎట్లు తెచ్చును? తెచ్చుట నిజమేనా? నిజమైనచో ఆ కూడిక ఎందువలన కొన్నిచోట్ల తరతరములు నిలిచినది, ఎందువలన కొన్నిచోట్ల రంగు ఆరకమునుపే చెదరినది?

మొదట పూర్వకథను చూడదగును. సూర్యాపేట ప్రాంతమున ఫణిగిరి యను గ్రామము కలదు. ఆ ఊరి గుట్టపై బౌద్ధ స్తూపము, విహారములు, చెక్కడపు పనిగల తోరణములు త్రవ్వకములలో బయల్పడినవి. అచటి శాసనమొకటి ఇక్ష్వాకు రాజగు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరమున ప్రధాన వైద్యుడొకడు ధర్మచక్రమును నిలిపెనని చెప్పుచున్నది. అనగా పదిమందికి కనబడు శిల్పమును నిలిపినవాడు రాజు కాడు. రోగుల నాడి చూచు వైద్యుడు. 2023లో న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రాచీన భారత బౌద్ధ శిల్పముల ప్రదర్శనము జరిగినపుడు ఫణిగిరి శిల్పములును సముద్రములు దాటి అచటికి వెళ్ళినవి.

కృష్ణకు దిగువనున్న అమరావతి స్తూప శాసనములను చదివినచో ఈ సంగతి ఇంకను స్పష్టమగును. అచట విధికుడను చర్మకారుడు పూర్ణకుంభము చెక్కిన రాతి ఫలకమును దానము చేసెను. ఆ శాసనమున అతడు తన పేరొక్కటియే వ్రాయించుకొనలేదు. తల్లిని, భార్యను, సోదరులను, బిడ్డలను, బంధుమిత్రులను గూడ చేర్చుకొనెను. సుగంధ ద్రవ్యముల వర్తకులును, గృహస్థులును, భిక్షుణులును అట్లే ఒక్కొక్క రాయి ఇచ్చిరి. ఒక్కని సొమ్ముతో లేచిన కట్టడము కాదది. తోలుపని చేసిన చేయి, తక్కెడ పట్టిన చేయి, భిక్షాపాత్ర పట్టిన చేయి కలసి ఎత్తినది.

నాగార్జునకొండ శాసనములు మరియొక పాఠమును చెప్పుచున్నవి. అచట వృత్తిసంఘములను శ్రేణులనిరి. తమలపాకులు అమ్మువారి శ్రేణియు, పిండివంటలు చేసి అమ్మువారి శ్రేణియు ఆ శాసనములలో పేర్కొనబడినవి. తరుగని మూలధనమును శ్రేణులయొద్ద నుంచి, దానిపై వచ్చు వడ్డీతో దేవాలయ పోషణము జరుపు ఏర్పాటు ఆ కాలమున కలదు. ఇందలి తెలివి గమనింపదగినది. కట్టుట ఒకనాటి ఉత్సాహము. కాపాడుట ఏటేటి బాధ్యత. ఆ బాధ్యతను ఆకులు అమ్ముకొను సామాన్య వర్తకుల చేతిలో పెట్టినచో వారికి ఆ కట్టడము తమదే యగును. దాని గోడ బీటవారినచో ముందుగా కలతపడువారు వారే.

నల్లగొండ చెంతనున్న పానుగల్లు కుందూరు చోడుల రాజధాని. అచటి పచ్చల సోమేశ్వరాలయపు గోడలపై రామాయణ భారత ఘట్టములు వరుసగా చెక్కబడి యున్నవి. ఆలయము చుట్టు తిరుగువాడు కాలు కదపుచు కథ చదువును. సూర్యాపేట సమీపమునగల పిల్లలమఱ్ఱిలో రేచెర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో ఎరకేశ్వరాలయమును నిర్మింపజేసెను. కాకతీయుల కాలపు దానశాసనములలో గుడి దీపమునకు గానుగలవారు నూనె ఇచ్చుట తరచుగా కనబడును. రాజు రాతిని ఇచ్చెను, శిల్పి రూపమిచ్చెను, తెలికవాడు వెలుగిచ్చెను. ఆ వెలుగు లేనిచో గర్భగుడిలోని శిల్పమెవరికి కనబడును?

అయినను ఇవి రాతి పనులు. రాజుల పేర్లతో కూడినవి. ప్రజల చేతిలో పుట్టి, ప్రజల సొమ్ముతో బ్రతికి, ఊరినుండి ఊరికి నడచిన కళ వేరొకటి కలదు. అది చేర్యాల పటచిత్రము. చేర్యాల నేడు సిద్ధిపేట జిల్లాలోనున్నది. నిజాము పాలనమున నల్లగొండ జిల్లాలోనిది. ఆ బొమ్మలు వ్రాయువారిని నకాషీలందురు.

ఆ పటము తయారగు తీరు తెలిసికొనినచో దానివెనుక నున్న ఊరి బలగము కనబడును. మొదట నేతగాని యింట నూలుబట్ట కావలెను. దానికి గంజియు, సుద్దమట్టియు, ఉడికించిన చింతగింజల అంబలియు, జిగురును కలిపి పూతమీద పూత పూయుదురు. ఒక పూత ఆరిన పిదపనే రెండవది. బట్ట తోలువలె గట్టిపడును, చుట్టినను పగులదు. నేపథ్యమునకు ఎఱ్ఱరంగు. దీపపు మసినుండి నలుపు, గవ్వ గుల్లలనుండి తెలుపు, నీలిమందునుండి నీలము, ఇంగిలీకమునుండి ఎఱుపు తీసెడివారు. ఉడుత వెండ్రుకలతో కుంచె కట్టెడివారు. పటము వెడల్పు సుమారు మూడడుగులు. నిడివి కథనుబట్టి నలువది అడుగులు దాటుటయు కలదు. వరుస వెంట వరుసగా కథ క్రిందికి దిగుచుండును. రాత్రివేళ దీపము వెలుతురున పటమును విప్పుచు, కఱ్ఱతో ఒక్కొక్క బొమ్మను చూపుచు, పాటయు మాటయు కలిపి కథ చెప్పుదురు.

ఇక ఆ కథ యెవరిది? ఇచటనే ఈ కళయొక్క గుట్టు ఉన్నది. ప్రతి వృత్తికి ఒక పురాణము, ఆ పురాణము చెప్పుటకు ఒక ఆశ్రిత కులము ఏర్పడినది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, భావనారుషి కథను చెప్పుదురు. గౌండ్లకు గౌడజెట్టీలు గౌడ పురాణమును చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ వినిపింతురు. చాకలివారికి మడేలు పురాణము, మాదిగవారికి డక్కలివారు చెప్పు జాంబ పురాణము కలవు. గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథను బొమ్మలు నిలిపి చెప్పుదురు; ఆ బొమ్మలు చేయువారును నకాషీలే.

ఈ ఏర్పాటులోని చక్రము ఇట్లు తిరిగినది: నేతగాడు మగ్గముపై సంపాదించినదానిలో కొంత కథకునికి ఇచ్చును. కథకుడు దానినుండి నకాషీకి పటపు వెల ఇచ్చును. నకాషీ ఆ సొమ్ముతో నేతగానియొద్ద బట్టయు, అంగడిలో జిగురును, రంగులును కొనును. ఏ ఊరిలో ఏ కథకునికి హక్కు కలదో వాడుకవలన నిర్ణయమై యుండెను. ఒకరి మిరాసీ ఊరికి వేరొకరు పోరు. పటము పాతబడి చినిగినచో పారవేయరు. మనిషికి చేసినట్లు మర్యాదచేసి నదిలో విడుతురు. క్రొత్త పటమును మరల వ్రాయింతురు. అందువలన చిత్రకారునికి ఒక తరములో ఒకమారైనను పని తప్పక దొరకును.

సొమ్మొక్కటియే ఈ చక్రమును త్రిప్పలేదు. పటమును విప్పినపుడు నేతగాడు అందు తన మగ్గమును చూచెను. గౌండ్లవాడు తన తాటిచెట్టును చూచెను. చాకలి తన బండను, మాదిగవాడు తన ఆదిపురుషుని చూచెను. ఊరిలో పగలంతయు తలవంచి పనిచేసినవాడు ఆ రాత్రి పటము ముందు తలయెత్తి కూర్చుండెను. తన పని దేవతల కాలమునుండి వచ్చినదని, అది లేక లోకము నడవదని పటము వానికి చెప్పెను. ఎవని బొమ్మ వానికి కనబడునో వాడే ఆ కళను పోషించును. ఇది పటకథలు నేర్పు మొదటి పాఠము.

నిజము చెప్పవలసినచో ఈ కళయందొక కొరత కలదు. ఒక్కొక్క పటము ఒక్కొక్క కులమునకే చెప్పబడినది. నేతగాని వాడలో విప్పిన పటమును చూచుటకు తక్కినవారు వచ్చియుండవచ్చును, దూరమున నిలిచియుండవచ్చును. కాని అది వారి పటము కాదు. అది వృత్తిలోనివారిని కూర్చినది. ఊరినంతటిని ఒక్క చాపపై కూర్చుండబెట్టలేదు. జాంబ పురాణము చెప్పు డక్కలివారు ఊరి చివర గుడిసెలకు సైతము అవతల నుండిరి. గొప్ప కళ ఉన్నంతమాత్రమున న్యాయము ఉన్నదని అనుకొనరాదు. పూర్వపు కళలను పొగడువారు ఈ సంగతిని దాటవేయుట తగదు.

ఈ కొరతను కొంతయైన తీర్చిన ఉత్సవమొకటి పాలమూరు జిల్లాలోనే కలదు. చిన్నచింతకుంట మండలమున అమ్మాపురము చెంత కురుమూర్తి కొండ ఉన్నది. ఏటేట దీపావళి దాటిన పిదప అచట జాతర జరుగును. ఆ జాతరలో ముఖ్యమైనది ఉద్దాల ఉత్సవము. ఉద్దాలనగా స్వామివారి పాదరక్షలు. వానిని చేయువారు వడ్డెమాను గ్రామములోని తోలుపనివారు. నియమముతో నుండి, తోలును కోసి, కుట్టి, అలంకరించి ఉద్దాలను సిద్ధపరతురు. పిదప అవి ఊరేగింపుగా కొండకు వచ్చును. ఊళ్ళకు ఊళ్ళు ఆ దారిన కదలివచ్చి, ఆ ఉద్దాలను తాకుటకై ఒకరినొకరు త్రోసికొందురు. స్వామి ఆభరణములు ఆత్మకూరునుండి వేరుగా ఊరేగి వచ్చును.

ఈ దృశ్యమును ఒక్క క్షణము నిలిచి తలపవలెను. చెప్పు కుట్టువాని పనిని హీనమని చూచిన సమాజమే, ఏడాదిలో ఒకనాడు ఆ చేతిపనిని శిరస్సున ధరించుటకు పోటీపడుచున్నది. అమరావతిలో పూర్ణకుంభమును నిలిపిన విధికుని వారసత్వము కురుమూర్తి కొండమీద నేటికిని జీవించియున్నట్లు తోచును. ఆ ఒక్కనాటి గౌరవము తక్కిన దినములకు ఎంతవరకు పాకినదని అడుగుట న్యాయమే. అయినను ఆ ఉద్దాలు లేనిచో జాతర లేదు. ఆ చేతులు లేనిచో ఉద్దాలు లేవు. ఊరుమ్మడి వస్తువులో ఒక వృత్తివారి పనిని ఎవరును తీసివేయలేని స్థానమున నిలుపుట, ఐక్యమునకు మాటలకన్న గట్టి పునాది.

జాతరవలన వర్తకమునకును మేలు కలదు. మిఠాయి దుకాణములు, గాజుల బండ్లు, పాత్రల అంగళ్ళు, బొమ్మలవాండ్రు, రంగులరాట్నముల వారు వత్తురు. చుట్టుప్రక్కల రైతులు వ్యవసాయ పనిముట్లును, ఇంటి సామానును కొందురు. బేరము భక్తికి విరుద్ధము కాదు. బేరమునకై వచ్చినవాడు బొమ్మ చూచును, బొమ్మకై వచ్చినవాడు బేరము చేయును. ఇద్దరును ఒకే దుమ్ములో నడచి, ఒకే నీరు త్రాగుదురు.

ఇక ప్రతి ఊరిలోను, ప్రతి యింటను పుట్టు చిత్రమొకటి కలదు, అది బతుకమ్మ. భాద్రపద బహుళ అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగియు ఈ పండుగను తెలంగాణ ప్రభుత్వము 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించినది. తంగేడు, గునుగు, కట్ల, బంతి పూవులను వరుసలుగా పేర్చి స్త్రీలు గోపురమువలె నిలుపుదురు. గునుగు తెల్లనిది, దాని కొనలకు రంగులద్దుదురు. ప్రతి యింటి బతుకమ్మ ఆ యింటిదే. కూడలికి తెచ్చి ప్రక్కప్రక్కన నుంచినపుడు ఊరిదగును. ఎవరి పేర్పు ఎత్తో, ఎవరి రంగు మెరుగో చూచుకొందురు, మెచ్చుకొందురు. సాయంకాలమునకు చెరువులో విడుతురు. పూవులు చేలగట్లవి, ఖర్చు స్వల్పము, శిల్పులు స్త్రీలు. అట్లే మొహర్రము నాళ్ళలో పీర్లను నిలిపి, అలావా చుట్టు ముస్లిములును, హిందువులును కలసి తిరుగు ఊళ్ళు ఈ రెండు జిల్లాలలో పెక్కు కలవు. పీరుకు దట్టీ కట్టువాడు ఏ మతమువాడని అడుగుట ఆ ఊళ్ళలో వింతగా తోచును.

ఇంతటి వారసత్వముగల సీమలో నేటి స్థితి యెట్లున్నది? పటకథకుల కుటుంబములలో పెక్కుమంది కూలికిని, పట్టణపు పనులకును పోయిరి. రాత్రియంతయు కూర్చుండి కథ వినువారు తగ్గిరి. చేర్యాలలో నకాషీ కుంచె పట్టిన కుటుంబములు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. వారి చిత్రములకు భౌగోళిక గుర్తింపు లభించినది. పట్టణ గృహములలో గోడకు తగిలించు చిన్న పటములకును, ముఖోటాలకును గిరాకి కలదు. అది వారికి కూడు పెట్టుచున్నది, సంతోషమే. కాని నలువది అడుగుల కథ ఒక్క అడుగు బొమ్మగా కుదించుకొనిపోయినది. దానిని చూచువాడు కొనువాడే, వినువాడు కాడు. కూనపులివాడు లేక, నేతగాని వాడ లేక, పటము ఒంటరియైనది.

ఇదే కాలమున ఊరి గోడలు ఖాళీగా నుండలేదు. సిమెంటు, సెల్లుఫోను, ఎరువుల ప్రకటనలు వానిని ఆక్రమించినవి. ఎన్నికల దినములలో గుర్తులు వెలసినవి. గోడ యజమానికి కొంత రుసుము ముట్టియుండవచ్చును, ఊరికేమియు ముట్టలేదు. పాలమూరు కూలీలు దేశపు నలుమూలల కాలువలు త్రవ్విరి, కట్టలు కట్టిరి. వారి సొంత ఊరి గోడమీద వారి పారగాని, గంపగాని ఎక్కడను కనబడదు. ఊరినుండి పోయినవాడు పండుగకు తిరిగివచ్చినపుడు తనను గుర్తించునట్టి గోడ ఒక్కటియు లేదు. నేటి లోటు ఇదియే. కళ పోయినదని విచారించుట చాలదు. ఊరు తన్ను తాను చూచుకొను అద్దము పోయినదని గ్రహింపవలెను.

లోకమున ఇతరులు ఏమి చేసిరో చూచుట ఉపయుక్తము. కెనడా దేశపు పడమటి తీరమున వాంకూవరు దీవిలో షెమైనస్ అను చిన్న పట్టణము కలదు. ఆ ఊరి బ్రతుకంతయు ఒక కలపమిల్లుపై ఆధారపడి యుండెను. 1983లో ఆ మిల్లు మూతపడెను. అంతకు ముందటి యేడు, 1982లోనే, ఆ ఊరివారు తమ దుకాణముల గోడలపై ఊరి చరిత్రను పెద్ద చిత్రములుగా వ్రాయించుటకు మొదలిడిరి. కలప కోసినవారు, తొలినాటి నివాసులు, పాత అంగళ్ళు, రైలుబండ్లు గోడలకెక్కినవి. వానిని చూచుటకు యాత్రికులు వచ్చిరి. అంగళ్ళు మరల తెరచుకొన్నవి. చిత్రముల సంఖ్య నలువది దాటినది. ఒడిశాలో పూరీ చెంతనున్న రఘురాజపురము ఇంకొక యుదాహరణము. అచటి పటచిత్రకారులు తమ యిండ్ల గోడలనే చిత్రశాలలుగా చేసిరి. ఊరంతయు వృత్తిశాల యైనది.

ఇంటికి దగ్గరగా పోచంపల్లి కలదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగినపుడు వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరముల భూమి నిచ్చిన ఊరు అది; భూదానోద్యమము అచట పుట్టెను. ఆ ఊరి చిటికి అద్దకపు నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చెను. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా పోచంపల్లిని ఎన్నుకొనెను. నూలు అద్దువాడు, రంగు కలుపువాడు, ఆసు పోయు ఆడుబిడ్డ, మగ్గము నేయువాడు, అమ్ము సంఘము, ఇందరు కలసిననే ఒక చీర. అచట ఊరికి వచ్చినవాడు వస్త్రమును మాత్రమే చూడడు. నేయు వీధిని చూచును.

ఈ యుదాహరణములను కలిపి చూచినచో నాలుగు సూత్రములు తేలుచున్నవి.

మొదటిది, కోరువారు ఊరివారై యుండవలెను. ఎవరో వచ్చి ఏదో వ్రాసి పోయిన బొమ్మ ఎంత చక్కనిదైనను అతిథి వంటిది. నాలుగు నాళ్ళకు మాసిపోవును. ఏ బొమ్మ కావలెనో గ్రామస్థులు కూర్చుండి తర్కించవలెను. ఆ తర్కమే సగము ఐక్యము. వృద్ధులు పాత కథ చెప్పుదురు, బడిపిల్లలు వ్రాసికొందురు, ఆడవారు, ఇది తప్పు, అట్లు జరుగలేదని సరిదిద్దుదురు.

రెండవది, ఇచ్చుట పలుతీరుల నుండవలెను. సొమ్ము మాత్రమే దానమైనచో కలిగినవాడే దాత యగును. కిరాణ దుకాణదారు సున్నము, జిగురు ఇచ్చును. వడ్రంగి సారువ కట్టును. తాపీమేస్త్రి గోడ నునుపుచేయును. కుట్టుపని చేయువాడు ప్రారంభోత్సవపు తెర కుట్టును. హోటలువాడు పనివారికి చాయ పంపును. కూలి మనిషి ఒక పూట నీరు మోయును. ఈ ఎల్లవారి పేర్లును ఒకే పరిమాణపు అక్షరములతో గోడక్రింద వ్రాయవలెను; పెద్ద మొత్తమిచ్చిన దుకాణపు పేరు బొమ్మకన్న పెద్దదైనచో అది ప్రకటన యగును, చిత్రము కాదు. వసూలును, వ్యయమును గ్రంథాలయ ద్వారమునొద్ద అతికించినచో మాటపడు అవసరముండదు.

మూడవది, బొమ్మలో ప్రతివాడును తన్ను చూచుకొనవలెను. పటకథలు నేర్పినది ఇదే. కాని పటమునందలి కొరత మరల రాకూడదు. నేతగానిది ఒక గోడ, గొల్లవానిది ఒక గోడ, మాదిగవానిది ఊరి చివర గోడ అనరాదు. ఒకే గోడమీద మగ్గము, మంద, తాటిచెట్టు, కుమ్మరి సారె, తోలు బకెట, పలుగు పార, వలసబండి, మసీదు మెట్లు, బడిగంట అన్నియు ఉండవలెను. మధ్యలో ఎవరుండవలెనని పోరు పుట్టినచో మధ్యలో చెరువును వ్రాయుట మేలు. పానుగల్లు ఉదయసముద్రమువలె ఈ మెట్టసీమలో చెరువే ఊరికి తల్లి, నీరు అందరిది.

నాలుగవది, కాపాడువారు ముందే నిర్ణయమై యుండవలెను. నాగార్జునకొండ శ్రేణులవలె బాధ్యతను ఒక సంఘమునకు అప్పగించవలెను. వానజల్లు కొట్టు గోడకు చూరు కావలెను. క్రింది మూడడుగులు తడి ఎక్కును గనుక అచట బొమ్మ వ్రాయక రాతిబండ పరచుట మంచిది. చౌడు ఎక్కిన గోడపై ఏ రంగును నిలువదు. ముందుగా చౌడు గీకి, గారచేసి, ఆరనిచ్చి వ్రాయవలెను. ఏటేట పండుగకు ముందు గోడను తుడిచి, రాలినచోట దిద్దవలెను. పటము పాతబడినపుడు మర్యాదతో సాగనంపి క్రొత్తది వ్రాయించినట్లే, కొన్నేండ్లకు ఒకమారు గోడను తిరిగి వ్రాయించుటకు సిగ్గుపడరాదు. అప్పటి పిల్లలకు అప్పటి కథ కలదు.

ఈ నాలుగింటికిని తగిన ఇల్లు గ్రంథాలయమే. ఇది ఏ ఒక్క కులముదియు కాదు, ఏ ఒక్క కక్షదియు కాదు. తెలంగాణమున గ్రంథాలయములు పుట్టిన నాళ్ళను తలచుకొనినచో ఇది స్పష్టమగును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. నల్లగొండ పట్టణమున గ్రంథాలయము నడపిన షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లో ‘నీలగిరి’ పత్రికను నడిపెను. తెలుగు బడులే అరుదుగానున్న కాలమున వర్తకులు, వకీళ్ళు, ఉపాధ్యాయులు తలకొంత వేసికొని పుస్తకపు బీరువాలు నింపిరి. ప్రభుత్వము ఇచ్చువరకు వేచియుండలేదు. పుస్తకమునకు సాధ్యమైనది బొమ్మకు అసాధ్యము కాదు.

కొందరు ఆక్షేపింతురు: తాగునీరు, బాట, బడి కావలసిన ఊరికి బొమ్మ యెందుకని. ఆక్షేపణ న్యాయమైనదే. బొమ్మ నీరు తేజాలదు. కాని నీటికై కలసి అడుగవలసినవారు ఒకరి ముఖమొకరు చూడనంత దూరమైనచో ఆ నీరును రాదు. ఒక గోడకు సున్నము కొట్టుటలో కలసి పనిచేసినవారికి, మరునాడు పూడిక తీయుటలో కలసి పనిచేయుట అలవాటగును. దుకాణదారునకు తన బాకీదారుడు బాకీదారుడుగా మాత్రమే తెలిసియుండెను; సారువమీద ప్రక్కన నిలిచినపుడు మంచి చేయి తిరిగిన పనివాడుగా తెలియవచ్చెను. ఆ ఎఱుక లెక్కపుస్తకమున కెక్కదు. అయినను ఊరి ఆస్తియే.

ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును నడుపుట సామాన్యము కాదు. ఇంతకాలము ఈ యింటి లోపలి బీరువాలు ఊరికి మాటలనిచ్చినవి. వెలుపలి గోడ ఇంకను తెల్లగానే యున్నది. పుస్తకము తీసికొనుటకు లోనికి రాని ముసలితల్లియు, మేకలు తోలుకొని పోవు పిల్లవాడును, బస్సుకై నిలిచిన కూలీయు ఆ గోడ ముందునుండియే నిత్యము పోవుచున్నారు. వారిని లోనికి పిలుచుటకు ఆ గోడకన్న తగిన తలుపు లేదు. రానున్న ఇరువదియైదేండ్లలో ఆ గోడపై తమ బొమ్మను తామే ఎన్నుకొని, తామే వ్రాయించి, తామే కాపాడుకొనినచో, స్వర్ణోత్సవమునాడు ఈ చోట కూడువారు ఆ గోడను వేలుతో చూపి, ఇందు మా తాత ఇటుక ఎత్తెను, మా అవ్వ రంగు కలిపెను అని తమ బిడ్డలకు చెప్పుకొందురు.